మా పాపకు సీటు వస్తుందా? లెక్క వేసిన ఏడాదిన్నర

2023 ఆగస్టులో ఒక రాత్రి, అన్నాలు తిన్నాక మా పాప వచ్చి నా పక్కన కూర్చుంది. "అమ్మా, నేను డిగ్రీకే అమెరికా పోవాలనుకుంటా ఉండాను. నాకు సీటొచ్చే ఛాన్సు ఎంతో లెక్క వేసి చెప్తావా?" అని అడిగింది. అప్పుడు తను పదకొండో తరగతి, తిరుపతిలోనే ఒక సీబీఎస్ఈ స్కూల్లో. నేను చంద్రగిరి మండలంలో జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా ఆయనకు కొర్లగుంటలో మెడికల్ షాపు ఉంది.

ఇలాంటి లెక్కలు నాకు కొత్త కాదు. ప్రతి ఏడూ ఎంసెట్ ఫలితాలు వచ్చాక చుట్టుపక్కల పిల్లలు ర్యాంకు కార్డు పట్టుకుని మా ఇంటికి వస్తారు. పేరు ఈఏపీసెట్ అని మారి ఏళ్లయినా మా వీధిలో అందరికీ అది ఎంసెట్టే. కిందటేడు ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఎంత ర్యాంకు దగ్గర ఆగిందో చూసి ఆప్షన్లు వరుసగా పెట్టిస్తాను. ఐఐటీల లెక్క కూడా అంతే. 2024లో జేఈఈ అడ్వాన్స్‌డ్ రెండు పేపర్లూ రాసింది 1,80,200 మంది, 23 ఐఐటీల్లో కలిపి సీట్లు 17,740. పోటీ ఎంత ఉన్నా గీత ఎక్కడుందో కనిపిస్తుంది. ర్యాంకు గీతకు ఇవతలుంటే సీటు, అవతలుంటే లేదు.

అందుకే పాప అడగ్గానే, "వారం టైమివ్వు, చెప్తాను" అన్నాను. ఆ వారం ఏడాదిన్నర అయింది. ఆ ఏడాదిన్నరలో నేను నేర్చుకున్నది ఇంకో తల్లికో తండ్రికో పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక ఇబ్బంది చెప్పాలి. మా ఊళ్లో అమెరికా అంటే ఎం.ఎస్. బీటెక్ అయ్యాక జీఆర్ఈ పరీక్ష, బ్యాంకు లోను, యూనివర్సిటీ పంపే ఐ-20 కాగితం, వీసా స్లాటు. ప్రతి వీధిలో ఆ దారిన పోయినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. నేను ఎవర్ని అడిగినా వాళ్లు ఆ దారి సంగతే చెప్పారు. "మార్కులు బాగుంటే వస్తుందిలే అక్కా, లోను చూసుకోండి" అన్నారు. డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరడం పూర్తిగా వేరే వ్యవహారమని తెలుసుకోవడానికే నాకు నాలుగు నెలలు పట్టింది.

డిసెంబరులో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. పేరెందుకులే. పాప పదో తరగతి మార్కులు, అక్కడి డిగ్రీ కాలేజీలు చూసే శాట్ పరీక్షలో ఎంత తెచ్చుకోగలదన్న అంచనా, ఏ సబ్జెక్టు ఇష్టం, ఇవి అడిగారు. అరగంటలో ఒక కాగితం ప్రింటు తీసి ఇచ్చారు. పన్నెండు కాలేజీల పేర్లు, ప్రతి పేరు ఎదురుగా ఒక శాతం. పేరు చెబితే అందరూ గుర్తుపట్టే ఒక పెద్ద యూనివర్సిటీ ఎదురుగా 40 శాతం అని ఉంది. ఇంత ఎలా వచ్చిందని అడిగితే "మా సాఫ్ట్‌వేర్ లెక్క మేడం" అన్నారు. ఆ తర్వాత ప్యాకేజీ గురించి చెప్పారు. నాలుగున్నర లక్షలు. అందులో ఒక పత్రికలో పాప పేరు మీద పరిశోధన వ్యాసం, ఒక సేవా సంస్థ నుంచి సర్టిఫికెట్ కూడా కలిపి ఉన్నాయి. "నేను రాయని పేపరు మీద నా పేరు ఎందుకన్నా?" అని పాప అడిగింది. అందరి ఫైళ్లలోనూ ఉంటుందని ఆ అబ్బాయి జవాబు. మేం ఎంత కట్టగలమన్న ప్రశ్న ఆ అరగంటలో ఒక్కసారి కూడా రాలేదు. దాని విలువ నాకు తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చి ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత బయటికొచ్చిన అంకెలే చూడండి, హార్వర్డ్ 2024లో చేరే బ్యాచికి 54,008 మంది దరఖాస్తు చేస్తే 1,937 మందిని తీసుకుంది. నూటికి నలుగురు కూడా కాదు. ఎం.ఐ.టి.లో అందరినీ కలిపితే నూటికి నాలుగున్నర చొప్పున, విదేశీ పిల్లల్ని విడిగా చూస్తే నూటికి ఇద్దరి దగ్గర. ఆ దరఖాస్తుదారుల్లో చాలామంది క్లాసు ఫస్టులే ఉంటారు. మరి ఒక పిల్లకు 40 శాతం అని ఏ లెక్కతో రాస్తారు?

మా స్కూల్లో సైన్స్ మేడం చెల్లెలి కొడుకు అమెరికాలోనే డిగ్రీ చదివాడని తెలిసి, ఒక ఆదివారం ఫోన్లో మాట్లాడాను. ఆ అబ్బాయి చెప్పిన ఒక్క మాటతో మా పని మలుపు తిరిగింది. "పిన్నీ, ఎవరి మాటా నమ్మొద్దు. చాలా కాలేజీలు ఏటా కామన్ డేటా సెట్ అని ఒక పత్రం బయట పెడతాయి. అది చదవండి" అన్నాడు.

ఆ సంక్రాంతి సెలవులన్నీ దాంతోనే గడిచాయి. ముగ్గు వేసి లోపలికి రావడం, పాప ల్యాప్‌టాప్ తెరవడం, నేను నోటు పుస్తకంలో గడులు గీసుకుని రాసుకోవడం. ఆ పత్రం అన్ని కాలేజీలకూ ఒకే వరసలో ఉంటుంది కాబట్టి ఒకటి అర్థమైతే మిగతావి వేగంగా చదవొచ్చు. సి అనే భాగంలో మొదటే ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమందిని తీసుకున్నారు, ఎంతమంది చేరారు అన్నది ఉంటుంది. ఏడో పట్టికలో మార్కులు, క్లాసు ర్యాంకు, వ్యాసం, సిఫారసు లేఖలు, చదువు కాక చేసే పనులు, మనిషి గుణం, ఇలా ఒక్కొక్కదానికీ "చాలా ముఖ్యం", "ముఖ్యం", "చూస్తాం", "చూడం" అని కాలేజీయే టిక్కు పెడుతుంది. తొమ్మిదో పట్టికలో చేరినవాళ్ల శాట్ మార్కులు. హెచ్ భాగంలో విదేశీ పిల్లలకు ఆ ఏడు ఎంతమందికి, సగటున ఎంత డబ్బు ఇచ్చారన్నది. నా దృష్టిలో మొదట తెరవాల్సింది ఆ హెచ్ భాగాన్నే. అందరూ సి దగ్గరే ఆగిపోతారు.

ఏడో పట్టిక నన్ను చాలాసేపు ఆపింది. ఎం.ఐ.టి. పత్రంలో "చాలా ముఖ్యం" అన్న గడిలో ఉన్నది ఒక్కటే, మనిషి గుణం. మార్కులు, పరీక్షలు, వ్యాసాలు అన్నీ దాని పక్క గడిలో, "ముఖ్యం" కింద. ఇరవై ఏళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నదాన్ని. లెక్కలకూ సైన్సుకూ పేరుమోసిన చోట మొదటి గడిలో ఇది ఉంటుందని అనుకోలేదు. దాన్ని నేనెలా కొలవాలి? ఏ క్లోజింగ్ ర్యాంకుతో పోల్చాలి?

శాట్ పట్టిక కూడా జాగ్రత్తగా చదవాలి. ఎం.ఐ.టి.లో లెక్కల మార్కులు 780 నుంచి 800 అని ఉంటుంది. చేరినవాళ్లలో నడిమి సగం మంది ఆ మధ్యలో ఉన్నారని దాని అర్థం. మా పాపకు 790 వస్తే ఆ మధ్యలో ఉన్నట్టే కదా, అయితే సగం ఛాన్సు ఉన్నట్టే కదా అని మా ఆయన అన్నారు. చాలామంది అలాగే అనుకుంటారు. ఆ పట్టికలో ఉన్నవాళ్లు సీటొచ్చి చేరినవాళ్లు. 790, 800 తెచ్చుకుని కూడా సీటు రాని వేలమంది అందులో కనిపించరు. ఆ మార్కు ఉంటే మన ఫైలు పక్కన పెట్టేయరు, అంతవరకే.

తర్వాత నేనొక తప్పు చేశాను. చెప్పకుండా దాటేయడం న్యాయం కాదు. తొమ్మిది కాలేజీలకు పెడదామనుకున్నాం. ఒక్కోదానిలో నూటికి ఐదు ఛాన్సు అనుకుంటే, రాకపోవడానికి 0.95. దాన్ని తొమ్మిదిసార్లు గుణిస్తే 0.63. అంటే ఎక్కడో ఒకచోట వచ్చే అవకాశం 37 శాతం! ఆ రాత్రి ఎంత సంతోషంగా పడుకున్నానో. పొద్దున పాప కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి, "అమ్మా, నువ్వే కదా పదో తరగతి పిల్లలకు చెప్తావు, నాణెం ఒకసారి ఎగరేసినదానికీ ఇంకోసారి ఎగరేసినదానికీ సంబంధం ఉండదని. ఈడ అట్ల కాదు కదా? తొమ్మిది చోట్లకీ పోయేది నా ఒక్క ఫైలే" అంది.

నిజమే. ఒక కాలేజీకి ఏ లోపం కనిపిస్తుందో మిగతా ఎనిమిదింటికీ అదే లోపం కనిపిస్తుంది. మా తొమ్మిదో తరగతి మార్కులు అందరికీ ఒకటే. మా ఆదాయం అందరికీ ఒకటే. పైగా విదేశీ పిల్లలకు ఐదు కాదు, రెండు అనుకుంటే, అదే గుణకారం చేసినా 17 శాతం దాటదు. ఆ రోజు నుంచి శాతాలు వేయడం మానేశాను. నోటు పుస్తకంలో శాతం గడి కొట్టేసి, "మన ఫైల్లో వీళ్లకు ఏం నచ్చవచ్చు", "ఏం అడ్డం రావచ్చు", "డబ్బు" అని మూడు గడులు గీశాను.

తొమ్మిదో తరగతి అన్నాను కదా. మన దగ్గర పదో తరగతి మార్కులకు విలువ, తర్వాత పన్నెండుకు. తొమ్మిది, పదకొండు ఎవరూ చూడరు. అక్కడ నాలుగేళ్లూ చూస్తారు. పాప తొమ్మిదో తరగతి 2021-22. సగం కరోనా భయంలో, ఆన్‌లైన్ క్లాసుల్లో గడిచింది. 81 శాతం. పదకొండులో జేఈఈ కోచింగ్ ఒకవైపు, స్కూలు ఒకవైపు, 86. పదిలో వచ్చిన 96ను చూసి మేం మురిసిపోయాం గానీ, నాలుగూ పక్కపక్కన పెడితే అది ఎగుడుదిగుడుగా కనిపించింది. ఆ ఏళ్లలో ఏం జరిగిందో దరఖాస్తులో చెప్పుకోవడానికి వేరే చోటు ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు నాలుగు వాక్యాల్లో రాసింది. 2023లో గణిత ఒలింపియాడ్‌కు మొదటి మెట్టైన ఐఓక్యూఎం కూడా రాసింది, రెండో మెట్టుకు ఎంపిక కాలేదు. "ఏం అడ్డం రావచ్చు" గడిలో ఇవన్నీ రాశాను. రాస్తుంటే బాధేసింది గానీ, రాశాకే మనసు కుదుటపడింది.

ఇక మొదటి గడి, "ఏం నచ్చవచ్చు". దాంట్లో రాయడానికి నాకేమీ తట్టలేదు. డాన్సు అరంగేట్రం లేదు, జాతీయస్థాయి పతకం లేదు. పాపనే అడిగాను, "నువ్వు ఎవరూ చెప్పకుండా చేసే పని ఏంది?" అని. తను అరలోంచి ఒక పాత లాంగ్ నోట్‌బుక్ తీసి ఇచ్చింది.

2021 నవంబరులో తిరుపతిని ముంచిన వాన గుర్తుందా? స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లవాళ్లు నిద్ర లేకుండా గడిపారు. ఎం.ఆర్.పల్లి వైపు ఒక ఇంట్లో భూమిలో ఉన్న నీళ్ల సంపు పైకి లేచిందని జనం వెళ్లి చూసొచ్చారు. దామలచెరువు దగ్గర మా అత్తగారి ఊళ్లో రెండెకరాల మామిడితోట, అందులో ఒక పాత బావి ఉన్నాయి. ఏళ్ల తరబడి అడుగున చెమ్మ తప్ప ఏమీ లేని బావి, ఆ వారంలో చేత్తో ముంచుకునేంత నిండింది. పాప అది చూసి, ఒక తాడుకు అడుగడుగుకీ ముడి వేసి, కొసన రాయి కట్టి, గట్టు నుంచి నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో కొలవడం మొదలుపెట్టింది. వెళ్లిన ప్రతి ఆదివారం తనే కొలిచేది, వెళ్లలేని వారం వాళ్ల అవ్వ కొలిచి ఫోన్లో చెప్పేది. పోనుపోనూ పక్క తోటల్లో ఇంకో ఆరు బావులు కలిశాయి. డబ్బా కోసి వాన కొలిచే పాత్ర ఒకటి చేసుకుంది. ఆ ఊరు పోయే దారిలో గాదంకి దగ్గర వాతావరణ పరిశోధన కేంద్రం బోర్డు కనిపిస్తుంది. అక్కడి పెద్ద రాడార్ ఆకాశంలో ఏం కొలుస్తుందని బస్సులో ప్రతిసారీ నన్ను వేధించేది. పుస్తకంలో రెండేళ్ల అంకెలున్నాయి. పక్కన కొత్త బోరు వేసిన తోటల బావుల్లో నీళ్లు మిగతావాటికంటే ముందే దిగిపోయాయని గీతలు గీసి చూపించింది. ఊళ్లో రైతులు "పాపా, ఈ వారం ఎంత దిగినాయి?" అని అడగడం నేనే విన్నాను. అయినా దాన్ని ఒక పనిగా నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

కన్సల్టెన్సీలో పాప ఈ సంగతి చెప్పబోతే ఆ అబ్బాయి "దీనికి సర్టిఫికెట్ ఏమైనా ఉందా?" అని అడిగి పక్కన పెట్టేశాడు. చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తు పంపే కామన్ యాప్‌లో పది పనుల వరకు రాసుకోవచ్చు, ఒక్కోదాని వివరణకు ఖాళీలు కూడా కలిపి 150 అక్షరాలు. ఎం.ఐ.టి. దరఖాస్తు వేరుగా ఉంటుంది, అక్కడ నాలుగే పనులు. పాప పది నింపలేదు, ఆరు రాసింది. మొదటిది బావులు. ఖాళీ గడులు చూసి నాకు టెన్షన్ పుట్టింది గానీ, తనకు పుట్టలేదు.

మీ ఊళ్లో ఎవరైనా ఈ దారిన పోవాలనుకుంటే, సిఫారసు లేఖల పని మాత్రం ముందుగా మొదలుపెట్టమని చెబుతాను. అక్కడి స్కూళ్లలో దీనికోసం కౌన్సెలర్ ఉంటారు. మన స్కూళ్లలో చాలాచోట్ల ఆ కుర్చీయే లేదు. స్కూలు గురించి ఒక పరిచయ పత్రం, నాలుగేళ్ల మార్కులు, కౌన్సెలర్ లేఖ, ఇద్దరు టీచర్ల లేఖలు కావాలి. పాప స్కూల్లో ఇలాంటివి ఎవరూ పంపి ఉండలేదు. ప్రిన్సిపల్ గారు మంచి మనసుతోనే ఒక లేఖ రాసిచ్చారు. వినయవిధేయతలు గల విద్యార్థిని, క్రమశిక్షణ కలది, ఉజ్వల భవిష్యత్తు కోరుకుంటున్నాను. నేను కూడా ఇన్నేళ్లుగా మా పిల్లలకు అవే మాటలు రాసిస్తున్నాను. ఆ మాటలు ఏ పిల్ల పేరు కింద పెట్టినా సరిపోతాయి. వేల ఫైళ్లు చదివే మనిషికి వాటిలో మా పాప ఎక్కడ కనిపిస్తుంది?

ఫిజిక్స్ సారు దగ్గరికి పాపే వెళ్లి, "సార్, నా గురించి మీకు గుర్తున్న ఏదైనా ఒక రోజు రాయండి" అని అడిగింది. ఆయన రాసింది చదివి నాకు కళ్లు చెమర్చాయి. లోలకంతో గురుత్వ త్వరణం కనుక్కునే ప్రయోగంలో క్లాసంతా రికార్డులో 9.8 రాసేశారట. పాప ఒక్కతే తనకు వచ్చిన 9.4 రాసి, మార్కులు పోతాయని చెప్పినా మార్చలేదట. మరుసటి రోజు మళ్లీ ల్యాబుకు వచ్చి, దారం పొడవు గుండు మధ్యదాకా కాకుండా కొక్కెం దాకానే కొలిచానని తనే కనిపెట్టి, రెండు అంకెలూ పక్కపక్కన రాసిందట. ఇది నాకు ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

శాట్ గురించి ఎక్కువ చెప్పను. రెండుసార్లు రాసింది, 2024 మేలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి. రెండుసార్లూ ముందురోజే పుత్తూరు మీదుగా బస్సులో చెన్నై వెళ్లి బంధువుల ఇంట్లో ఉన్నాం. ఇప్పుడు కంప్యూటర్ మీదే పరీక్ష, రెండు గంటల 14 నిమిషాలు. మొదటి భాగం ఎలా చేశామన్నదాన్ని బట్టి రెండో భాగం కష్టం మారుతుంది. మొదటిసారి 1470, రెండోసారి 1520, అందులో లెక్కలు 790. మూడోసారి రాస్తానంటే వద్దన్నాను. ఆ ఇరవై మార్కుల కోసం పోయే రెండు నెలలు పన్నెండో తరగతికి కావాలి.

ఇక డబ్బు. ఛాన్సు లెక్కలో సగం ఇదే. మాకు ఆలస్యంగా తెలిసింది.

ఎం.ఐ.టి.లో 2024-25కు ఏడాది మొత్తం ఖర్చు సుమారు 86 వేల డాలర్లు. అప్పటి ధరలో 72 లక్షల రూపాయలు. పెద్ద ప్రైవేటు కాలేజీలన్నీ ఇంచుమించు అంతే. నా జీతం, షాపు, తోట అన్నీ కలిపినా ఏడాదికి 13 లక్షలు దాటదు. కడుపు కట్టుకుంటే ఐదు లక్షలు పెట్టగలం. మిగతా 67 లక్షలు కాలేజీయే ఇవ్వాలి. నాలుగేళ్లకు రెండున్నర కోట్లకు పైగా.

విదేశీ పిల్లల విషయంలో, కట్టగలరా లేదా అన్నది చూడకుండా ఎంపిక చేసి, తర్వాత అవసరమైనదంతా ఇచ్చే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎం.ఐ.టి., డార్ట్‌మత్, ఆంహర్స్ట్, బోడిన్, మేం దరఖాస్తు చేసిన ఏటి నుంచి బ్రౌన్, ఇంకొన్ని. వాటిలో పోటీ కూడా చాలా ఎక్కువే. స్టాన్‌ఫర్డ్, కొలంబియా, కార్నెల్ లాంటివి విదేశీ పిల్లలు సాయం అడిగితే ఆ సంగతిని కూడా ఎంపికలో చూస్తాయి. స్మిత్, మౌంట్ హోలియోక్ లాంటి ఆడపిల్లల కాలేజీలు కూడా అలాగే చూస్తాయి, కానీ ఒకసారి తీసుకుంటే అవసరమైనంతా ఇస్తాయి. ఇక మిగతా వందల కాలేజీల్లో చాలాచోట్ల సీటు వచ్చినా డబ్బు చాలదు. ఒకే పిల్ల, ఒకే మార్కులు. 72 లక్షలు కట్టగల ఇంట్లో పుడితే ఒక అవకాశం, మా ఇంట్లో పుడితే ఇంకొకటి. ఆదాయం అడగకుండా శాతం చెప్పిన ఆ కాగితం ఎందుకు పనికిరాదో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

సీఎస్ఎస్ ప్రొఫైల్ అని ఆదాయ వివరాల ఫారం ఉంటుంది. దానికి మూడు రాత్రులు పట్టింది. నా జీతం సులువు. షాపు లెక్కలు పర్వాలేదు. తోటాపురి కాయ ఒక ఏడు మంచి ధర పలుకుతుంది, ఇంకో ఏడు కోత కూలి కూడా రాదు. ఏ ఏడు అంకె రాయాలి? ప్రత్యేక పరిస్థితులు చెప్పుకునే చోట మూడేళ్ల అంకెలూ రాసి, మామిడి ధర ఎలా మారుతుందో వివరించాం. తక్కువ చూపించమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. మా ఆయన ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు.

చివరికి తొమ్మిది పేర్లు మిగిలాయి. నాలుగు అవసరమైనంతా ఇచ్చే పెద్ద చోట్లు, మూడు సాయం బాగా ఇచ్చే చిన్న కాలేజీలు, మార్కులను బట్టి స్కాలర్‌షిప్ ఇచ్చేవి రెండు. చాలాచోట్ల దరఖాస్తు రుసుమే 75 డాలర్లు, ఆపైన. కట్టలేమని అడిగితే కొన్ని మాఫీ చేశాయి. అడగడానికి సిగ్గుపడాల్సిన పనిలేదు. అన్నిటికంటే కింద, పదో వరసలో నేను "ఇక్కడ" అని రాశాను. జేఈఈ మెయిన్, సైన్సు చదువులకు కేంద్రం పెట్టిన ఐసర్ సంస్థల ప్రవేశ పరీక్ష ఐఏటీ. అవి మానుకునే ప్రసక్తే లేదని పాపతో మొదటే మాట తీసుకున్నాను.

ఫలితాలు 2025 మార్చిలో, బోర్డు పరీక్షల మధ్యలో వచ్చాయి. ఎం.ఐ.టి. వాళ్లు 3.14 గుర్తుగా 'పై' (π) దినమనే మార్చి 14 సాయంత్రం ప్రకటించారు. మనకు తెల్లవారుజాము నాలుగు. ముగ్గురం లేచి కూర్చున్నాం. రాలేదు. పాప స్క్రీన్ మూసి, మొహం కడుక్కుని, బయాలజీ పుస్తకం తీసింది. నెలాఖరుకు మిగతావి వచ్చాయి. ఏడు చోట్ల లేదు, ఒక చిన్న కాలేజీలో వెయిట్‌లిస్టు, ఒకచోట సీటు. ఏడాదికి 30 వేల డాలర్ల స్కాలర్‌షిప్‌తో. అక్కడి ఖర్చు 80 వేలు. మిగతా 50 వేల డాలర్లు, అంటే ఏడాదికి 42 లక్షల పైన మేం పెట్టుకోవాలి. పాప ఇంకొంచెం సాయం చేయమని మర్యాదగా రాసింది. వీలుకాదని అంతే మర్యాదగా జవాబు వచ్చింది.

ఆ రాత్రి మా ఆయన తోట అమ్మేద్దామన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. పాప చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్నా, ఆ బావిని అమ్ముకుని పోయి నేను ఆడ నీళ్ల గురించి చదవాల్నా? వద్దు" అంది. నేను లోపలికి వెళ్లి ఏడ్చాను. ఏడుపు సీటు కోసం కాదు, ఆ వయసు పిల్ల ఆ మాట అనాల్సి వచ్చినందుకు.

వెయిట్‌లిస్టు కదల్లేదు. మే 25న ఐఏటీ రాసింది. అరవై ప్రశ్నలు, మూడు గంటలు, తర్వాత ర్యాంకు. ఆ లెక్క నాకు తెలిసిన లెక్క. ర్యాంకు రాగానే ఏ ఐసర్ ఎక్కడ ఆగుతుందో పాత అంకెలతో చూసి వరస పెట్టాను, అనుకున్నట్టే తిరుపతి ఐసర్ వచ్చింది. ఏర్పేడు దగ్గర క్యాంపస్, మా ఇంటినుంచి బస్సులో గంట దూరం. భూమికి, వాతావరణానికి సంబంధించిన సబ్జెక్టు వైపు వెళ్తానంటోంది. ఆదివారం కొలతలు ఇప్పుడు పూర్తిగా వాళ్ల అవ్వవే. మా అత్త తాడు ముడులు లెక్కపెట్టి, కళ్లజోడు సరిచేసుకుని ఫోన్లో అంకె చెబుతుంది.

కిందటి నెల మా వీధి చివర ఉండే ఆయన పదో తరగతి చదివే కొడుకును తీసుకుని వచ్చారు. "మేడం, వీడు కూడా అమెరికా అంటా ఉండాడు. ఛాన్సెంతో చెప్పండి" అన్నారు. తొమ్మిదో తరగతి మార్కుల కార్డు అడిగాను. ఏడాదికి ఎంత పెట్టగలరని అడిగితే ఆయన చాలాసేపు ఆలోచించి, ఇంట్లో మాట్లాడి చెప్తానన్నారు. అబ్బాయిని, ఎవరూ చెప్పకుండా నువ్వు చేసే పని ఏందని అడిగాను. నాన్న వైపు ఒకసారి చూసి, "మా ఇంటి పక్కన రైలు గేటు రోజుకు ఎన్నిసార్లు పడుతుందో, ఎంతసేపు ఉంటుందో రాస్తా ఉండాను మేడం. ఆరు నెలలైంది" అన్నాడు. వాళ్ల నాన్నకు ఆ సంగతి తెలియదు. రేపు ఆ పుస్తకం తెచ్చి చూపించమన్నాను.